నవల పుట్టిన ఊరు

అమెరికా పటం తెరిచి ఆగ్నేయపు మూల చూడండి. మెక్సికో సింధుశాఖ పక్కన మొబైల్ అనే రేవుపట్నం ఉన్నది. అక్కడినుంచి ఈశాన్యంగా వేలు జరుపుకుంటూ పోతే అలబామా రాష్ట్రానికి రాజధాని అయిన మాంట్‌గొమరీ తగులుతుంది. ఈ రెంటికీ నడుమ మన్రోవిల్ అనే చిన్న ఊరు ఉన్నది. చిన్న పటాలలో దాని పేరే కనిపించదు. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉన్నవారు ఆరువేలకు లోపే.

ఐనా ఎన్నో దేశాలనుంచి జనం ఈ ఊరిని వెతుక్కుంటూ వస్తారు. ఇక్కడ పెద్ద కొండలు లేవు, జలపాతాలు లేవు, రాజుల కోటలు లేవు. వచ్చినవారు చూసేది ఒక పాత కోర్టు భవనం. ఆ కోర్టులో ఒక పెద్ద కేసు నడిచిందని కోట్లమంది చదివారు. తమాషా ఏమిటంటే, ఆ కేసు నిజంగా ఎన్నడూ జరగలేదు. అది ఒక నవలలోది.

ఆ నవల పేరు 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్'. రాసినది ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన హార్పర్ లీ. 1960 జులై 11న అది అచ్చయింది. మరుసటి ఏడే పులిట్జర్ బహుమానం పొందింది. నలభైకి పైగా భాషలలోకి వెళ్ళింది. ఇప్పటికి నాలుగు కోట్ల ప్రతులకు పైగా అమ్ముడుపోయాయి. 1997లో అలబామా శాసనసభ మన్రోవిల్‌ను తమ రాష్ట్రానికి 'సాహిత్య రాజధాని' అని ప్రకటించింది. ఇంత చిన్న ఊరికి ఇంత గౌరవం ఎలా వచ్చిందో, ఆ గౌరవం వెనక ఎంత దుఃఖం ఉన్నదో తెలుసుకుందాం.

ఊరి నడిమధ్య ఒక చదరపు ఆవరణ ఉన్నది. దాని మధ్య ఎర్ర ఇటుకల కోర్టు భవనం, దానిపైన గుండ్రని గోపురం, గోపురానికి గడియారం. 1903 ప్రాంతంలో ఈ భవనం కట్టారు. 1963లో పక్కనే కొత్త కోర్టు లేచేదాకా కేసులన్నీ ఇక్కడే నడిచేవి. ఇప్పుడిది మ్యూజియం.

మెట్లెక్కి మేడమీదికి వెళితే కోర్టు హాలు వస్తుంది. గదులన్నిటిలాగా అది నలుచదరంగా ఉండదు, కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. ముందు జడ్జిగారి ఎత్తయిన పీఠం, ఒక పక్క జ్యూరీ కూర్చునే చోటు, ఎదురుగా జనానికి చెక్క బల్లలు. తలపైకెత్తి చూస్తే చుట్టూ వంపు తిరిగి ఒక బాల్కనీ కనిపిస్తుంది.

ఆ బాల్కనీ సంగతి తెలిస్తే నవల సగం తెలిసినట్టే. సినిమా హాలులో బాల్కనీ అంటే ఎక్కువ ఖరీదు సీటు. నవలలోని కోర్టులో మాత్రం అది నల్లవారికి కేటాయించిన చోటు. కింద బల్లలమీద తెల్లవారు కూర్చుంటారు. నల్లవారు ఎంత ముందు వచ్చినా, కింద ఎన్ని బల్లలు ఖాళీగా ఉన్నా, పైకి వెళ్ళవలసిందే.

ఈ ఆచారం ఎలా వచ్చింది? అలబామా పత్తి పండే సీమ. పూర్వం అక్కడి తెల్ల భూస్వాములు ఆఫ్రికానుంచి పట్టి తెచ్చిన మనుషులనూ వారి సంతతినీ బానిసలుగా కొని పొలాలలో పని చేయించేవారు. 1861 నుంచి 1865 వరకు జరిగిన అంతర్యుద్ధం తరవాత బానిసత్వం చట్టరీత్యా పోయింది. కాని కొద్దికాలానికే దక్షిణాది రాష్ట్రాలు కొత్త కట్టుబాట్లు తెచ్చాయి. నల్లపిల్లలకు వేరే బడి, ప్రయాణీకులకు వేరే గది, తాగే నీళ్ళకు వేరే కుళాయి. ఓటు వెయ్యాలంటే పన్ను కట్టాలి, చదువు పరీక్ష నెగ్గాలి. ఆ పరీక్ష పెట్టేది తెల్ల అధికారే గనక నల్లవాడు నెగ్గడం అరుదు. జ్యూరీలోకీ వారిని పిలిచేవారు కారు.

జ్యూరీ అంటే ఏమిటో పిల్లలకు చెప్పాలి. కేసు విని, నిందితుడు తప్పు చేశాడా లేదా అని తేల్చే పన్నెండుమంది మామూలు పౌరులే జ్యూరీ. మన దేశంలోనూ ఒకప్పుడు ఈ పద్ధతి ఉండి, తరవాత పోయింది. నిందితుడు నల్లవాడై, జ్యూరీలో పన్నెండుమందీ తెల్లవారే అయితే, న్యాయం ఎటు మొగ్గుతుందో ఊహించడం కష్టం కాదు. అలబామాలో 1966 దాకా ఆడవారిని కూడా జ్యూరీలోకి రానిచ్చేవారు కారు.

ఇక కథలోకి వద్దాం. నవలలో ఊరిపేరు మేకూంబ్. అటువంటి ఊరు ఏ పటంలోనూ లేదు. కాని మన్రోవిల్ పాతకాపులు చదివి, 'ఇది మన ఊరే' అని గుర్తుపట్టారు. కథ 1933–35 ప్రాంతంలో జరుగుతుంది. లోకమంతటా ఆర్థికమాంద్యం. పత్తికి ధర లేదు. రైతులు వకీలు ఫీజుకు డబ్బివ్వలేక కట్టెలూ కాయలూ తెచ్చి ఇస్తూండేవారు.

కథ చెప్పేది స్కౌట్ అనే పిల్ల. మొదట్లో ఆ పిల్లకు ఆరేళ్ళు నిండలేదు. ఆమె అన్న జెమ్‌కు పదేళ్ళు వస్తున్నాయి. తల్లి లేదు. తండ్రి అట్టికస్ ఫించ్ ఊళ్ళో వకీలు. ఇంటి పనీ పిల్లల పెంపకమూ చూసేది కల్పూర్నియా అనే నల్ల ఆవిడ. ఎండాకాలం సెలవులకు పొరుగింటికి డిల్ అనే కుర్రవాడు వస్తూంటాడు. ముగ్గురికీ ఒకటే పని: వీధి చివర ఇంట్లో ఏళ్ళ తరబడి బయటికి రాకుండా ఉన్న బూ రాడ్లీ అనే మనిషిని ఎలాగైనా చూడాలి. ఊళ్ళోవారు ఆయన గురించి చెప్పుకునే కథలు వింటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఐతే ఆ ఇంటి పక్క ఉన్న చెట్టు తొర్రలో మాత్రం ఎవరో పిల్లలకోసం చిన్న చిన్న కానుకలు దాస్తూంటారు.

ఈ భాగం చదువుతూంటే నవ్వు ఆగదు. స్కౌట్ బడికి వెళ్ళిన మొదటిరోజే పంతులమ్మకు కోపం వస్తుంది. ఎందుకంటే పిల్లకు చదవడం అప్పటికే వచ్చు! ఒకనాడు ఒక పేద రైతు కొడుకు వీళ్ళ ఇంటికి భోజనానికి వచ్చి అన్నిటిమీదా పాకం పోసుకుంటే స్కౌట్ వెక్కిరిస్తుంది. కల్పూర్నియా ఆమెను వంటింట్లోకి లాక్కుపోయి నాలుగు చీవాట్లు పెడుతుంది. మన ఇంటి గుమ్మం తొక్కినవాడెవడైనా అతిథే, అతను తినే తీరు చూసి నవ్వే హక్కు మనకు లేదు అన్నది ఆ చీవాట్ల సారాంశం. ఆ పిల్ల నేర్చుకున్న మొదటి పాఠం అది.

పిల్లలు ఇలా ఆడుకుంటూండగా ఊరిమీద ఒక మబ్బు కమ్ముతుంది. టామ్ రాబిన్సన్ అనే నల్ల కూలివాడు ఒక తెల్ల యువతిమీద దౌర్జన్యం చేశాడని నేరం మోపుతారు. అతని తరఫున వాదించమని జడ్జి అట్టికస్‌ను నియమిస్తాడు. ఏదో పేరుకు వాదించి ఊరుకుంటే ఎవరికీ కోపం రాదు. కాని అట్టికస్ నిజంగానే వాదించబోతున్నాడు. అంతే, ఇరుగుపొరుగులు ముఖాలు తిప్పుకుంటారు. బళ్ళో పిల్లలు స్కౌట్‌ను దెప్పుతారు. పిడికిలి బిగించడం ఆ పిల్లకు అలవాటు. పిడికిలి దించుకోవడం ఇప్పుడు నేర్చుకోవలసి వస్తుంది.

కేసునాడు కింద చోటు దొరక్క పిల్లలు ముగ్గురూ మేడమీది బాల్కనీ చేరుకుంటారు. నల్లవారి పాదిరీ వారికి తన పక్కన చోటిప్పిస్తాడు. అంటే ఈ విచారణను మనం చూసేది నల్లవారు కూర్చున్న చోటునుంచి. టామ్ ఎడమచెయ్యి చిన్నతనంలోనే పత్తి మరలో పడి పనికిరాకుండా పోయింది. ఆ చెయ్యికీ కేసుకూ ఉన్న సంబంధమేమిటో చదివేవారు తామే కనిపెట్టవచ్చు. జ్యూరీ ఏం చెప్పిందో, బూ రాడ్లీ చివరికి కనిపించాడో లేదో ఇక్కడ చెప్పం. అది పుస్తకమే చెప్పాలి.

మరి మాకింగ్‌బర్డ్ ఎందుకు వచ్చింది? అది బూడిద రంగు పిట్ట. మైనా అంత ఉంటుంది. ఎగిరినప్పుడు రెక్కలలో తెల్లని మచ్చలు కనిపిస్తాయి. దాని శాస్త్రీయ నామానికి 'అనేక భాషల అనుకర్త' అని అర్థం. ఇతర పక్షుల కూతలు విని, ఒకటి తరవాత ఒకటిగా తిరిగి పాడుతుంది. కప్పల బెకబెకలు కూడా పట్టేస్తుంది. వెన్నెల రాత్రుల్లో కూడా పాడుతూనే ఉంటుంది. అది తోటల పంట పాడుచెయ్యదు, ఎవరి జోలికీ పోదు, పాడటమే దాని పని అని నవలలో పొరుగావిడ చెబుతుంది. అందుకే పిల్లలకు తుపాకులు ఇచ్చిన అట్టికస్, ఆ పిట్టను మటుకు కొట్టడం పాపమంటాడు. ఎవరికీ కీడు చెయ్యని మనుషులను లోకం ఎలా బాధపెడుతుందో చూశాక ఆ మాట మనకు కొత్తగా అర్థమవుతుంది.

కథ కల్పితమే, కాని దాని వేళ్ళు నిజంలోనే ఉన్నాయి. హార్పర్ లీ 1926 ఏప్రిల్ 28న పుట్టింది. ఆమె పూర్తి పేరు నెల్ హార్పర్ లీ. అమ్మమ్మ పేరు ఎల్లెన్. ఇంగ్లీషులో ఆ అక్షరాలను వెనకనుంచి రాస్తే నెల్ అవుతుంది! తండ్రి వకీలు. శాసనసభ్యుడుగానూ, పత్రికా సంపాదకుడుగానూ కూడా పనిచేశాడు. 1919లో ఆయన హత్యానేరం మోపబడిన ఇద్దరు నల్లవారి తరఫున వాదించాడు. వారిని ఉరితీశారు. ఆ తరవాత ఆయన క్రిమినల్ కేసు పట్టలేదంటారు.

పక్కింట్లో బంధువుల దగ్గర ట్రూమన్ అనే కుర్రవాడు పెరిగేవాడు. ఇద్దరూ చెట్లెక్కేవారు, పాత టైపు మిషనుమీద కథలు కొట్టేవారు. ఆ కుర్రవాడే నవలలో డిల్ అయినాడు. పెద్దయాక ట్రూమన్ కపోటీ పేరుతో తానూ గొప్ప రచయిత అయినాడు. ఒక్క వీధిలో పక్కపక్క ఇళ్ళనుంచి ఇద్దరు మహారచయితలు రావడం అరుదైన సంగతి. ఆ ఇళ్ళు ఇప్పుడు లేవు. లీ ఇల్లున్న స్థలంలో తరవాత ఐస్‌క్రీం అంగడి వెలిసింది. కపోటీ చుట్టాల ఇంటి స్థలంలో రాతిగోడ ముక్క ఒకటి మిగిలింది.

హార్పర్ లీకి అయిదేళ్ళు నిండబోతున్నప్పుడు, 1931లో, అలబామాలో తొమ్మిదిమంది నల్ల కుర్రవాళ్ళను రైల్లోనుంచి దించి, ఇద్దరు తెల్ల యువతులమీద దౌర్జన్యం చేశారని కేసు పెట్టారు. మొదటి విచారణలోనే ఎనిమిదిమందికి మరణశిక్ష పడింది. ఆ యువతులలో ఒకామె తరవాత తన మాట అబద్ధమని ఒప్పుకున్నది. ఐనా కుర్రవాళ్ళు ఏళ్ళ తరబడి జైళ్ళలో మగ్గారు. ఈ స్కాట్స్‌బరో కేసులోనే, 1935లో, అమెరికా సుప్రీంకోర్టు నల్లవారిని జ్యూరీకి పిలవకుండా ఉంచడం రాజ్యాంగ విరుద్ధమన్నది. అప్పటికి క్షమాభిక్ష దొరకని చివరి ముగ్గురికి 2013లో దొరికింది. అప్పటికి వారెవరూ బతికి లేరు.

అంతదాకా ఎందుకు? 1934లో మన్రోవిల్‌లోనే వాల్టర్ లెట్ అనే నల్లవాడికి అటువంటి నేరంమీదనే మరణశిక్ష వేశారు. తరవాత దాన్ని యావజ్జీవ ఖైదుగా మార్చారు. కాని అతను మతి చలించి, ఇల్లు చేరకుండానే పోయాడు. శిక్ష పడ్డప్పుడు హార్పర్ లీకి ఎనిమిదేళ్ళు కావస్తున్నాయి. పిల్లలకు తెలియదనుకుని పెద్దలు మాట్లాడుకునే మాటలు పిల్లల చెవిన పడుతూనే ఉంటాయి.

లీ న్యాయశాస్త్రం చదువుతూ మధ్యలో మానేసి, 1949లో న్యూయార్క్ చేరి, విమాన కంపెనీలో టిక్కెట్ల గుమాస్తాగా పనిచేసింది. 1956 క్రిస్మస్‌నాడు స్నేహితులైన భార్యాభర్తలు ఆమెకు ఒక కవరిచ్చారు. 'ఏడాదిపాటు ఉద్యోగం మాని నీకు కావలసింది రాసుకో' అని ఏడాది జీతమంత డబ్బు కానుకగా ఇచ్చారు. ఐతే పుస్తకం ఒక్క ఏడాదిలో తెమలలేదు. సంపాదకురాలు ఓపికగా వెంట ఉండి పదేపదే తిరగరాయించింది. ఒక రాత్రి విసుగెత్తి లీ కాగితాలన్నీ కిటికీలోంచి మంచులోకి విసిరేసిందనీ, సంపాదకురాలు చీవాట్లు వేసి ఏరుకోమన్నదనీ చెబుతారు. ఏరుకోబట్టే ఈనాడు మనం చదువుతున్నాం.

ఆమె పుస్తకం రాస్తున్న రోజులలోనే అలబామా కదలసాగింది. 1955 డిసెంబరులో మాంట్‌గొమరీలో రోజా పార్క్స్ అనే నల్ల ఆవిడ బస్సులో తెల్లవాడికి సీటు వదలనన్నందుకు అరెస్టయింది. ఊళ్ళోని నల్లవారంతా ఏడాదికి పైగా బస్సెక్కడం మానేసి నడిచారు. వారికి నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ అనే యువ పాదిరీ. గాంధీజీ మార్గం ఆయనకు ఆదర్శం. 1959లో ఆయన మన దేశం వచ్చాడు. కేరళలో ఒక బడి పెద్ద ఆయనను పిల్లలకు పరిచయం చేస్తూ, అమెరికానుంచి వచ్చిన తోటి అస్పృశ్యుడు అన్నాడట. కింగ్ మొదట నొచ్చుకున్నాడు. ఆలోచించి చూసి ఆ మాట నిజమేననుకున్నాడు. ఈ సంగతి తరవాత ఆయనే చెప్పాడు. పుట్టుకను బట్టి మనిషికి వేరే బావి, వేరే గ్లాసు పెట్టిన చరిత్ర మనకూ ఉన్నది గనక ఆ మాట మనకు సులభంగానే అర్థమవుతుంది. అమెరికాలో 1964, 1965 సంవత్సరాల చట్టాలతో వేరు కుళాయిలూ ఓటు పరీక్షలూ పోయాయి.

1962లో ఈ నవల సినిమాగా వచ్చింది. కళాదర్శకుడు మన్రోవిల్ వచ్చి చూసి, ఈ కోర్టు హాలును పోలిన హాలునే హాలీవుడ్‌లో కట్టించాడు. అట్టికస్‌గా నటించిన గ్రెగొరీ పెక్‌కు ఆస్కార్ వచ్చింది. 1990 దశకం మొదటినుంచీ ఊరివారే వసంతకాలంలో దీన్ని నాటకంగా ఆడుతూ వచ్చారు. మొదటి అంకం కోర్టు ఆవరణలో, చెట్లకింద. విచారణ వచ్చేసరికి ప్రేక్షకులంతా లేచి మేడమీది అసలు హాలులోకి వెళతారు. జ్యూరీ స్థానంలో ప్రేక్షకులలోనుంచే పన్నెండుమందిని కూర్చోబెడతారు. ఐతే తమకు తోచిన తీర్పు చెప్పే వీలు వారికి లేదు. కథలో ఉన్న తీర్పే చెప్పాలి.

ఇంత గొప్ప పుస్తకాన్ని కన్న ఊరు కదా, ఇక అక్కడ అన్యాయం జరగదు అనుకుంటాం. జరిగింది. 1987లో వాల్టర్ మక్మిలన్ అనే నల్లవాడిని మన్రోవిల్‌లో జరిగిన ఒక హత్యకు అరెస్టు చేశారు. ఆ సమయంలో ఆయన తన ఇంటి దగ్గర చేపల విందులో ఉన్నాడని బంధుమిత్రులు చెప్పారు. వారి మాట నిలవలేదు. భయపడి అబద్ధం చెప్పిన ఒక సాక్షి మాట నిలిచింది. జ్యూరీ యావజ్జీవ శిక్ష చాలన్నా, జడ్జి మరణశిక్ష వేశాడు. బ్రయన్ స్టీవెన్సన్ అనే యువ న్యాయవాది పట్టు విడవకుండా నిజం బయటికి లాగాడు. 1993లో మక్మిలన్ నిర్దోషిగా విడుదలయ్యాడు. అప్పటికి ఆరేళ్ళు చెర గడిచింది. స్టీవెన్సన్ కూడా నల్లవాడే. ఊరివారు నవలను చూసి ఎంత గర్విస్తున్నారో, తమ కళ్ళముందున్న ఖైదీ సంగతి ఎంత తక్కువ పట్టించుకున్నారో 2014లో వచ్చిన తన పుస్తకంలో ఆయన రాశాడు. మంచి పుస్తకాన్ని మెచ్చుకోవడం తేలిక. అది చెప్పినట్టు నడుచుకోవడం వేరే పని.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ నవలలో ఆ కాలపు తిట్టుమాటలు యథాతథంగా ఉన్నాయి. నేరం సంగతి కూడా పసిపిల్లలకు అర్థమయ్యేది కాదు. పదమూడు, పద్నాలుగేళ్ళు వచ్చినవారికి ఇచ్చి, మీరూ పక్కన కూర్చుని చదవండి. ఈ కథలో నల్లవారి మనసులోని మాట తక్కువగా వినిపిస్తుందనీ, అంతా ఒక తెల్లపిల్ల కళ్ళతోనే చూస్తామనీ కొందరు విమర్శించారు. అందులో న్యాయం ఉన్నది. అందుకని దీనితోపాటు మిల్డ్రెడ్ టేలర్ 1976లో రాసిన 'రోల్ ఆఫ్ థండర్, హియర్ మై క్రై' కూడా చదివించండి. అదీ 1933 నాటి కథే. పక్కనున్న మిసిసిపీ రాష్ట్రంలో సొంత పొలం కాపాడుకోవడానికి పెనుగులాడే నల్ల కుటుంబం కథ. చెప్పేది కాసీ అనే నల్లపిల్ల. స్కౌట్‌కూ కాసీకీ వయసులో ఎక్కువ తేడా లేదు. ఐతే ఒకే లోకం ఇద్దరికీ ఎంత వేరుగా కనిపిస్తుందో చూడండి.

హార్పర్ లీ చివరి రోజులు మన్రోవిల్‌లోనే గడిపి, 2016 ఫిబ్రవరి 19న, 89వ ఏట పోయింది. తండ్రి పక్కన, అక్క పక్కన ఆమెను సమాధి చేశారు. పొగడ్తలకూ పత్రికలవారికీ ఆమె జీవితంలో చాలాకాలం దూరంగానే ఉన్నది.

పిల్లలూ, ఈ పుస్తకం మీ చేతికి వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు మనసులో పెట్టుకుని చదవండి. బూ రాడ్లీ గురించి ఊరివారు చెప్పినదానిలో ఎవరైనా కళ్ళారా చూసినది ఎంత? ఊరంతా ఒకటంటూంటే అట్టికస్ వేరొకటి ఎందుకు అన్నాడు? మీరు ఆ కోర్టు హాలులో ఉంటే ఎక్కడ కూర్చునేవారు, పక్కన ఎవరుండేవారు? మూడో ప్రశ్నకు జవాబు వెంటనే దొరక్కపోతే తొందరపడకండి. స్కౌట్‌కు కూడా మూడేళ్ళు పట్టింది.